ట్యాంకు మూత మీద బొట్టు

పోయిన నెల ఒక మధ్యాహ్నం శాలిబండలో నా కుట్టు దుకాణానికి ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో కవరు, కవరులో రెండు ఖాకీ ప్యాంట్లు. "నడుము కాడ రెండించులు లోపలికి పట్టాలె బిడ్డా, బక్కగయిన" అన్నాడు. నా నోటి నిండా గుండుసూదులు, మిషన్ మీద ఎవరిదో పెళ్ళి బ్లౌజు, బయట షేర్ ఆటోల హారన్లు. ముఖం కూడా చూడకుండా టేపు తీసి నడుము చుట్టూ తిప్పాను. అప్పుడు ఆయన చెయ్యి కనిపించింది. కుడి బొటనవేలి గోరు నడిమికి చీలి రెండు ముక్కలుగా పెరిగింది. ఆ గోరును నేను చిన్నప్పుడు ఏళ్ళ తరబడి చూశాను. నోట్లో సూదులున్న సంగతి మరిచిపోయి "దానేలు మామా!" అని అరిచాను.

ఆయన కాసేపు నా ముఖం వెతికాడు. "యాదగిరి బిడ్డవా? సుజ్జివా? గింత పెద్దగయినవా!" అని నవ్వాడు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర బండ్లు పెట్టే చోట వాచ్‌మన్‌గా చేస్తున్నాడట. "మరి ఇంజన్ పని?" అని అడిగేశాను. నా నోరు అంతే, ముందు మాట వస్తుంది, తర్వాత బుద్ధి వస్తుంది. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకుంటూ "గా పని ఎప్పుడో ఇడిశిన బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు" అన్నాడు. పక్కింటి వాళ్ళ సంగతి చెప్పినంత మామూలుగా అన్నాడు. నేను తల దించుకుని ప్యాంటు కుట్లు విప్పడం మొదలుపెట్టాను. మా బాపు కట్టిన విమానం పడిపోయిన రోజు నుంచి ఆయన ఏ ఇంజనూ ముట్టలేదు. ఆ ఇంజను ఎందుకు ఆగిందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నన్ను అందరూ వాగుడుకాయ అంటారు. ఆ ఒక్క మాట మాత్రం అన్నేళ్ళలో మా ఇంటి గడప దాటలేదు.

మా ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేది. మా తాత పాలవ్యాపారం చేసేవాడు. తాత పోయాక బర్రెలను అమ్మేశారు కానీ వాసన పోలేదు. వాన పడితే చాలు, లేని బర్రెలన్నీ తిరిగొచ్చి నిలబడినట్టు పేడ వాసన, తడిసిన గడ్డి వాసన లేచేది. ఆ కొట్టంలోనే బాపు విమానం కట్టాడు. బాపు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. అక్కడ లోహపు ముక్కలను వెంట్రుకంత తేడా లేకుండా అరగదీయడమే ఆయన పని. అవి ఎక్కడికి పోతాయో, దేనికి బిగిస్తారో ఎవరూ చెప్పేవారు కాదు. అడిగితే నేరం. "బతుకంత ముక్కలు చేసిన, పూర సామాను ఒక్కటి చూడలె" అని బాపు అనేవాడు. అందుకే తన చేత్తో పూర్తి సామాను ఒకటి చేయాలనుకున్నాడు. ఆ సామాను ఎగరాలనుకున్నాడు. ఎక్కడినుంచో గీతల కాగితాలు తెచ్చి కొట్టం గోడకు అంటించాడు. అల్యూమినియం పైపులు, పాత వ్యాను ఇంజను, టేకు చెక్కతో చెక్కిన పంకా, మోపెడ్ చక్రాలు. ఒక్క మనిషి కూర్చునే విమానం. పర్మిషన్ కాయితాలేవీ లేవు. అవి కావాలన్న సంగతే మా బస్తీలో ఎవరికీ తట్టలేదు. విమానానికి పర్మిషన్ అడగాలంటే ముందు అది విమానమని నమ్మాలి కదా.

సందు మొగలో చాయ్ హోటల్ ముందు కూర్చునే వాళ్ళకు మేమే రోజూ కాలక్షేపం. బాపు పైపులు భుజాన వేసుకుని వస్తుంటే ఒకడు లేచి సలాం కొట్టేవాడు. "యాదన్నా, దుబాయ్‌కి కిటికీ సీటు దొరుకుతదా?" ఇంకొకడు, "అరే భాయ్, బర్రె ఉడ్తీ క్యా, ఎగురుతదా? కొట్టంల పుట్టింది బర్రె కాకపోతే ఏమైతది?" అందరూ నవ్వేవాళ్ళు. బాపు అక్కడ ఏమీ అనేవాడు కాదు. ఇంటికొచ్చి కంచం విసిరేవాడు. ఆ విసురు ఎప్పుడూ నా వైపే వచ్చేది. మా అమ్మ నాకు నాలుగేళ్ళప్పుడే పోయింది. ఇంట్లో విసరడానికి నేనూ నానమ్మే మిగిలాం. నానమ్మ ఆయనకు తల్లి కదా.

రెక్కలకు బట్ట నేనే కుట్టాను. అమ్మ వదిలిపోయిన కుట్టు మిషన్ మీద, దిండు గలీబు కుట్టినట్టు పొడుగ్గా కుట్టి, రెక్క ఎముకల మీదికి లాగి, అంచులు బిగించి, మీద ఇస్త్రీ పెట్టె తిప్పితే ఆ నైలాన్ లాంటి బట్ట ముడుచుకుని డప్పు చర్మంలా బిగుసుకునేది. వేడి ఎక్కువైతే చిల్లు పడేది. చిల్లు పడితే బాపు ఉక్కు స్కేలు అంచుతో నా వేళ్ళ వెనక కొట్టేవాడు. ఎన్ని చిల్లులో అన్ని దెబ్బలు. తర్వాత బ్రష్‌తో వార్నిష్ పూసేవాళ్ళం. ఆ వాసనకు తల తిరిగి రెండు రోజులు అన్నం సయించేది కాదు. తోక డబ్బాలో బోల్టులు బిగించడానికి పెద్దవాళ్ళ చేతులు పట్టవు కాబట్టి నన్నే లోపలికి దూర్చేవాడు. బోల్టు పడితే తీసేదాకా బయటికి రానిచ్చేవాడు కాదు. ఏడో తరగతి అయ్యాక బడి మానిపించాడు. టీచర్ ఇంటికొచ్చి అడిగితే "రెక్కలు ఎవరు కుట్టాలె, మీరు కుడతరా?" అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. నాకు అర్థమై, గర్వపడ్డాను కూడా. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ ఇంట్లో నాతో మెత్తగా మాట్లాడిన మనిషి దానేలు మామ ఒక్కడే. ఆయన బాపు ఫ్యాక్టరీలోనే బండ్ల రిపేరు చేసేవాడు. మాకు రెండు సందుల అవతల ఉండేవాడు. ఆదివారం చర్చి అయిపోగానే తెల్ల చొక్కాతో నేరుగా మా కొట్టానికి వచ్చి, చొక్కా మేకుకు తగిలించి, బనియన్‌తో ఇంజను ముందు కూర్చునేవాడు. స్క్రూలు తిప్పే పేచ్‌కస్ మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. నా చెవికీ పెట్టేవాడు. లోపల టకటకమని ఎవరో పరుగెత్తుతున్నట్టు వినిపించేది. "ఇంజన్ గూడ మనిషే బిడ్డా. మొదలు ఊపిరాడాలె, తర్వాతనే తిండి" అనేవాడు. పని అయ్యాక చేతులు కిరసనాయిలుతో కడిగి, బూడిదతో రుద్ది, మళ్ళీ సబ్బుతో కడిగి, అన్నం ముందు కళ్ళు మూసుకుని కాసేపు కూర్చునేవాడు. నానమ్మ నవ్వేది. "ఏంది దానేలూ, మా కూర చూడలేక కండ్లు మూస్తవా?" "లేదమ్మా, కండ్లు తెరిస్తే నీ కోడికూర అయిపోతదేమోనని బుగులు" అనేవాడు. నానమ్మకు ఆయనంటే ఇష్టమే. అయినా ఆయనకు పెట్టే కంచం మాత్రం వేరుగా దండెం కింద బోర్లించి ఉండేది.

విమానం పూర్తయ్యేసరికి అది ఇల్లు కట్టినదానికంటే ఎక్కువ చాకిరీ అడుగుతుందని తెలిసింది. కట్టడం ఒకసారి, కాపాడుకోవడం రోజూ. ప్రతి ఆదివారం తీగలు గుంజి చూడాలి, కీళ్ళకు గ్రీజు పెట్టాలి, బోల్టులకు కట్టిన సన్న తీగలు ఒక్కొక్కటీ ముట్టి చూడాలి, బట్ట ఎక్కడ వదులైందో తట్టి చప్పుడు వినాలి. ఫ్యాక్టరీలో చేసినట్టే బాపు నోటుబుక్కులోంచి ఒక్కొక్క పేరు చదివేవాడు. ఆ పని ఎవరిదో వాళ్ళు జవాబు చెప్పాలి. "ఇంజన్ బెల్టు?" "గట్టిగున్నది" అని మామ. "తోక తీగ?" "గట్టిగున్నది బాపు" అని నేను. జవాబు రాకపోతే ముందుకు కదిలేది లేదు. అందరికంటే చివరి పని నాదే.

ఆ పని ఎలా వచ్చిందో చెప్పాలి. మొదట పెట్రోలు ట్యాంకు సీటు వెనక ఉండేది. అక్కడినుంచి పెట్రోలు పైకి తోడే పంపు మాటిమాటికీ మొరాయించేది. అందుకని బాపు ట్యాంకును విప్పి తల మీద, రెక్కల నడుమకు మార్చాడు. రేకు ట్యాంకు, పై నుంచి పెట్రోలు దానంతట అదే దిగుతుంది. మంచి మార్పే. కానీ పెట్రోలు దిగాలంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికి వేరుగా ఒక పైపు పెడదామని మామ అన్నాడు. బాపు వినలేదు. మూత నడుమే సూది దూరేంత రంధ్రం ఒకటి పెట్టాడు.

"యాదగిరీ, ఒక్క రంధ్రం మీద పానం పెట్టకు. పైపు ఏస్తే ఏమైతది, ఒక గంట పని."

"నువ్వు ఇంజన్ చూసుకో. విమానం నాది."

"నీదే. పడితే భూమి నీదా నాదా అని చూడదు."

బాపు పానా తీసి నేలకేసి కొట్టాడు. మామ నన్ను పిలిచి, నా కుట్టు సూదుల్లో ఒకటి తీసుకుని, "ప్రతిసారి దీన్ని పొడిచి, నోటితో ఊది చూడాలె. ఇది నీ పని. మరిచిపోతే మీ బాపు పైననే ఉంటడు, ఇంజన్ ఉండదు" అని చెప్పాడు. అప్పటినుంచి నోటుబుక్కులో చివరి మాట "మూత గాలి?" దానికి నా జవాబు "పోతున్నది బాపు."

ఆ ఏడు దసరాకు కొట్టంలో ఆయుధ పూజ చేశాం. పానాలు, సుత్తులు, నా కుట్టు మిషన్, నడుమ విమానం. ఇనుము మీద కుంకుమ ఒట్టిగా పెడితే రాలిపోతుంది కదా, మా నానమ్మకు దానికో పద్ధతి ఉండేది. ముందు మైనం అద్ది, దాని మీద కుంకుమ పెట్టించేది. ఆమె బొట్టు పెట్టుకునే కాలం నాటి మైనం డబ్బా, తాత పోయిన తర్వాత కూడా పారేయలేదు. తాను పెట్టకూడదు కాబట్టి నా చేత పెట్టించేది. "పంకకు పెట్టు. చక్రాలకు పెట్టు. అగో, గా పైనున్నది మొకం లెక్క గుండ్రంగున్నది, దానికి నడిమిల పెట్టు." పైనున్నది ట్యాంకు మూత. నేను స్టూలు ఎక్కి, వేలితో మైనం మెత్తగా నలిపి, నడుమ రుద్ది, మీద కుంకుమ అద్దాను. ముద్దుగా ఉంది. దానేలు మామ గడప అవతల నిలబడి చూశాడు. పూజలో ఆయన నిలబడడు, ప్రసాదం తీసుకోడు. ఎప్పుడూ అంతే, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మూత ఎత్తులో ఉంది, గడప దగ్గరినుంచి ఆయనకు కనిపించదు.

మూడు రోజులకు ఆదివారం. రెక్కలు విప్పి, లారీ మీద కట్టి, ఊరి బయట ఒకాయన బీడు భూమికి తీసుకుపోయాం. అంతకుముందు అక్కడ నాలుగైదుసార్లు మనిషెత్తు ఎగిరి దిగాడు బాపు. ఈసారి చుట్టూ ఒక తిరుగుడు తిరగాలని. బస్తీ వాళ్ళు కూడా ఒక ఇరవై మంది వచ్చారు, నవ్వడానికే అనుకోండి. బాపు నోటుబుక్కు తీశాడు. నేను స్టూలు ఎక్కాను. చేతిలో సూది. మూత నడుమ కుంకుమ ఎర్రగా మెరుస్తోంది. పూజ బొట్టును గీకకూడదు, పొడవకూడదు, దానంతట అది రాలేదాకా ముట్టొద్దని నానమ్మ మాట. పొడిస్తే అరిష్టం, అదీ బాపు ఎగరబోయే ముందు. నేను ఆలోచించాను. చిన్నపిల్లను కాబట్టి ఆలోచించలేదని చెప్పుకుంటే బాగుండు, కానీ ఆలోచించాను. పెట్రోలుకు ఈ ఒక్కరోజు గాలి లేకపోతే ఏమవుతుంది, దేవుడు చూసుకుంటాడు అనుకున్నాను.

"మూత గాలి?"

"పోతున్నది బాపు."

విమానం లేచింది. బస్తీ వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. మామ నన్ను భుజాల మీదికి ఎత్తుకుని "సూడు బిడ్డా, నువ్వు కుట్టిన బట్ట!" అని అరిచాడు. రెండు తాటిచెట్ల ఎత్తున వెళ్ళింది. దూరంగా వెళ్ళి తిరిగింది. రెండో తిరుగుడులో ఉండగా ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత చప్పుడే లేదు. రెక్కల మీద గాలి కోసే శబ్దం కిందికి వినిపించింది. పొలం గట్టున రాతి గోడ ఉంది. దానికి తగిలి ముందు భాగం నలిగిపోయింది. అందరికంటే ముందు పరుగెత్తింది మామే. పైపులు వంచి, చేతులు కోసుకుని, బాపును బయటికి లాగింది ఆయనే. బాపు ఎడమ కాలు మోకాలు కింద ఎటో తిరిగి ఉంది. బాపు కళ్ళు తెరిచి, అందరూ వింటుండగా అన్న మొదటి మాట, "దానేల్, నా ఇంజన్‌ను ఏం జేసినవ్‌రా?"

కాలు తీసేశారు. ఆ ఒక్క మాట బస్తీ అంతా పాకింది. నవ్వడానికి వచ్చినవాళ్ళకు ఇప్పుడు కోపపడడానికి మనిషి దొరికాడు. నానమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. "పూజల నిలబడలె. ప్రసాదం ముట్టలె. నా కొడుకు కాలు తీసుకున్నడు." మామ ఏమీ కాదనలేదు. ముందు రోజు పెట్రోలు జల్లెడ గుడ్డతో తుడిచానని, ఆ గుడ్డ పోగు ఏదో లోపల ఇరుక్కుని ఉంటుందని తనే అనుకున్నాడు. ఇంజను ఆగితే ఇంజను చూసినవాడిదే తప్పు అని ఆయన నమ్మకం. నాలుగో రోజు హోటల్ ముందు కూర్చునే వాళ్ళు ఆయన ఇంట్లోంచి పనిముట్ల పెట్టె లాక్కొచ్చి నాలా ఒడ్డున బోర్లించారు. ఒక్కొక్కటే తీసి మురికినీళ్ళలో వేశారు. మామ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయన భార్య మేరీ అత్త ఏడుస్తూ ఆయన్నే తిట్టింది. ఒకడు నా చేతికి పానా ఇచ్చి, "కాలు పోయింది నీ బాపుదే గద, నువ్వు గూడ ఎయ్" అన్నాడు. నేను వేశాను. గట్టిగా విసిరాను. అది పడిన చప్పుడు కూడా వచ్చింది.

బాపు ఇంటికి వచ్చాక, విరిగిన విమానాన్ని కొట్టంలో పడేశాక, ఒక మధ్యాహ్నం నేను ఆ ట్యాంకును చూశాను. రేకు నాలుగు వైపులా లోపలికి గుంజుకుపోయి ఉంది, తాగేసిన ఫ్రూటీ డబ్బాలా. మూత లేదు. బాపు మంచం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. సూది పొడవలేదని, అబద్ధం చెప్పానని, మామ తప్పు లేదని. బాపు దిండు కింద చెయ్యి పెట్టి మూత బయటికి తీశాడు. రంధ్రంలో మైనం, ఎర్రగా, అలాగే ఉంది.

"నాకెరుక. పైన ఉన్నప్పుడే ఎరుక. నెత్తి మీద రేకు టక్కుమని లోపలికి గుంజింది, ఇన్న."

"మరి మామ పేరెందుకు చెప్పినవ్ బాపు?"

బాపు గోడ వైపు తిరిగాడు. "పైపు పెట్టుమని వాడే చెప్పిండు. నేను ఇనలె. ఇప్పుడు వాడి ముంగట తల దించాల్నా?" అని, నా జుట్టు పట్టుకుని ముఖం దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు బయట ఒక్క మాటన్నా అన్నవనుకో, దానేల్ పేరు పోతది, నీ పేరొస్తది. తండ్రి కాలు తిన్న పిల్ల అంటరు. సచ్చేదాక గదే పేరు. కావాల్నా?"

వద్దన్నాను. అంతే. మామ ఉద్యోగంలో కూడా బండ్లు ముట్టనని చెప్పి గేటు దగ్గర పని అడిగి తీసుకున్నాడట. తర్వాత మేరీ అత్తను, కొడుకును తీసుకుని ఇల్లు మారి వెళ్ళిపోయాడు. నానమ్మ పోయింది. కొట్టం ఇప్పుడు నీళ్ళ క్యాన్ల గోదాం. పేడ వాసన చివరికి పోయింది. బస్తీలో పెళ్ళయితే ఫొటోగ్రాఫర్లు డ్రోన్ ఎగరేస్తారు, పిల్లలు కూడా తల ఎత్తి చూడరు. అప్పుడు ఎగిరేది ఒకటి చేయడానికి ముగ్గురి బతుకులు పట్టాయి, ఇప్పుడు డబ్బాలోంచి తీసి బటన్ నొక్కుతారు. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ డబ్బాలో వచ్చినది పడిపోతే ఎవరి పనిముట్లూ ఎవరూ నాలాలో వేయరు.

ప్యాంటు కుట్లు విప్పుతూ ఇదంతా నా తలలో తిరిగింది. దానేలు మామ చాయ్ సాసర్ కింద పెట్టి లేవబోయాడు. "కూసో మామా" అన్నాను. చెప్పాను. ఒక్క ముక్క దాచకుండా చెప్పాను.

నేను తిట్లు వస్తాయనుకున్నాను. ఆయన మెకానిక్‌లా ప్రశ్నలు అడిగాడు. "మైనం ఎండిందా, మెత్తగుండెనా?" "మెత్తగనే మామా." "ట్యాంక్ రేకు వంగిందా? ఎటు దిక్కు?" "నాలుగు దిక్కుల లోపలికి." ఆయన పెదవులు కదిలాయి. ట్యాంకు ఎంత, పెట్రోలు ఎంత, ఎంతసేపటికి ఆగాలి అని లోపల ఏదో కలుపుకుంటున్నాడు. చేతులు గాలిలో ఒక గుండ్రని ఆకారం పట్టుకున్నాయి. ఉన్నట్టుండి ముఖం వెలిగింది. "అంటే పోగు గీగు ఏం లేదు! నా ఇంజన్ మంచిగనే ఉండె!" అన్నాడు. పక్క దుకాణం వాళ్ళు కూడా ఇటు చూశారు. ఆ వెలుగు ఎంతోసేపు లేదు. "మేరీకి చెప్పేదుండె" అన్నాడు. మేరీ అత్త పోయిన ఏడు చనిపోయిందట. "మా సైకిల్ మోటర్ ఆగినా నన్ను ముట్టనియ్యకపోయేది. నువ్వు ముడితే మళ్ళ ఎవని కాలన్న పోతదని." తర్వాత "మీ బాపుకు ఎరుకనా?" అన్నాడు.

"ఎరుక మామా. పడకముందే ఎరుక."

ఆయన లేచాడు. "పద" అన్నాడు.

మా ఇంటికి వెళ్ళేసరికి బాపు ముందు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో మామను చూసి ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నవ్వాడు. "దానేలా? ఏంది, రెండో కాలు గూడ కావాల్నా?"

"బాపూ, నేను చెప్పిన" అన్నాను. బాపు నా వైపు చూడలేదు. మామ మంచం ముందు నేల మీద గొంతుకూర్చున్నాడు, వెనకటి రోజుల్లో ఇంజను ముందు కూర్చున్నట్టు. గొంతు లేవలేదు, చెయ్యి లేవలేదు.

"యాదగిరీ, నేనేం అడగ. మాఫీ గీఫీ అడగ. ఒక్క మాట అను, నీ నోటితోటి. 'ఇంజన్ మంచిగుండె' అను. నేను ఇని పోత."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. బాపు దవడ కదిలింది. అంటాడనుకున్నాను, నిజంగా అనుకున్నాను. ఆయన పెదవి విడిపోయి ఆ మాట మొదటి అక్షరం దాకా వచ్చింది. అంతలో ఖాళీగా ఉన్న లుంగీ అంచు సర్దుకుని, "నీ ఇంజన్ బెల్టు ఎప్పుడూ వదులుగుంటుండె" అన్నాడు. "సుజ్జీ, చాయ్ పెట్టు."

మామ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచాడు. నమస్తే కూడా పెట్టాడు. బయటికి నడిచాడు. నేను వెంట పరుగెత్తాను. శాలిబండ రోడ్డు దాకా మాట్లాడుతూనే ఉన్నాను, మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. నేను బస్తీల అందరికీ చెప్తా మామా, నీ కొడుక్కు చెప్తా, కాళ్ళు మొక్కుతా, అప్పుడు చిన్నపిల్లను, బాపు బెదిరించిండు, నాకు ఏం తెలుసు మామా, చిన్నపిల్లను. ఆయన ఆటోల కోసం నిలబడ్డాడు. నా మాటలు అయిపోయేదాకా విన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అది చూసే నాకు భయం వేసింది.

"నిజమే బిడ్డా. అప్పుడు చిన్నదానివి. నేను ఒప్పుకుంట" అన్నాడు. "పెద్దగయి ఎన్నేండ్లయింది?"

ఊరికే అన్న మాట కాదు. నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగాడు. ఒక షేర్ ఆటో వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది, డ్రైవర్ "ఆనా హై క్యా చచ్చా?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడు. మూడో ఆటో వచ్చింది. దాంట్లో ఎక్కాడు.